పాకెట్ డైపరు కొనండి, లోపలి గుడ్డ ఇంట్లోదే పెట్టండి: బోరు నీళ్ల ఇళ్లకు ఒక రివ్యూ

గుడ్డ డైపర్లు కొనాలా వద్దా అని అడిగే వాళ్లను ముందు అడగాల్సింది ఒకటే. మీ ఇంట్లో బట్టలు ఏ నీళ్లతో ఉతుకుతారు? నెల్లూరు టౌనులో పెన్న నీళ్లు కుళాయికి వచ్చే ఇంట్లో నెలల తరబడి బాగా పనిచేసే డైపరే, కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరు నీళ్లతో ఉతికే ఇంటికి పోతే కొన్నాళ్లకే పక్కల్లోంచి కారడం మొదలుపెడుతుంది. డైపరూ అదే, బిడ్డ వయసూ అదే. ప్యాకెట్ మీద రాసిన ఉతికే పద్ధతి మెత్తటి నీళ్లను, అంటే కాల్షియం, మెగ్నీషియం తక్కువున్న నీళ్లను, లెక్కలో పెట్టుకుని రాసింది. మన మెట్ట ఊళ్లకు అది సరిపోదు.

తేల్చి చెప్పేస్తాం. పాకెట్ డైపరు మంచి వస్తువే, కొనొచ్చు. కానీ డబ్బు పెట్టాల్సింది పైకవరుకు. దాంతోపాటు అంటగట్టే, లోపల దూర్చే మందపాటి ఇన్సర్టులకు కాదు. కవరు లోపల ఇంట్లోని పాత నూలు చీర ముక్కలు మడిచి పెడితే, గట్టి నీళ్లలోనూ ముసురు రోజుల్లోనూ ఇన్సర్టు కంటే బాగా నడుస్తుంది. ఎందుకో, ఎలాగో కింద చెప్తున్నాం.

ముందు ఆ వస్తువేమిటో చూద్దాం. పాకెట్ డైపరులో రెండు భాగాలు. పైకవరు పాలిస్టరు గుడ్డ. దాని లోపలివైపు పల్చటి పాలీయురేథేన్ పొర అతికించి ఉంటుంది. దుకాణాల్లో పీయూఎల్ అంటారు. తడిని బయటికి రానివ్వనిది ఈ పొరే. బిడ్డ ఒంటికి తగిలేవైపు మెత్తటి ఫ్లీస్ గుడ్డ ఉంటుంది. అది ఉచ్చను కిందికి దించేసి తను దాదాపు పొడిగా ఉంటుంది. ఈ రెంటి మధ్య వెనకవైపు తెరిచి ఉన్న జేబు. అందులో దూర్చేదే ఇన్సర్టు. పీల్చుకునే పనంతా దానిదే. ఫ్లీస్ లేకుండా ఒట్టి పీయూఎల్ కవర్లు కూడా దొరుకుతాయి. వాటిలో గుడ్డ నేరుగా పరిచి వేస్తారు. ఉచ్చ మాత్రమే పోసి ఉంటే కవరు తుడిచి, కొత్త గుడ్డ పరిచి మళ్లీ వేయొచ్చు. పాకెట్ రకంలో ఫ్లీస్ తడుస్తుంది కాబట్టి ప్రతిసారీ ఉతకాల్సిందే.

నెల్లూరు ట్రంకు రోడ్డులోనైనా, ఒంగోలు బజార్లోనైనా పేరులేని రకాలు ఒక్కోటి 150 నుంచి 250 రూపాయల్లో దొరుకుతాయి. పేరున్న కంపెనీలవి 400 దాటి మొదలవుతాయి. ధర చూసి నాణ్యత అనుకోవద్దు, చేత్తో చూడండి. తొడల దగ్గర ఎలాస్టిక్‌ని పూర్తిగా సాగదీసి వదలండి. టక్కున వెనక్కి రావాలి, వదులుగా అలలు పడకూడదు. ముందువైపు బటన్లను పదిసార్లు పెట్టి తీయండి. ఒక్క బటన్ దగ్గర గుడ్డ చిరుగుతున్నట్టు లాగినా ఆ డైపరు పక్కన పెట్టేయండి. కవరు లోపలి పొరను వేళ్ల మధ్య నలిపితే పాలిథీన్ కవరులాగా గలగలమనకూడదు. అలా మోగే పొర కొద్ది ఉతుకులకే పగుళ్లు తీస్తుంది. తొడ దగ్గర ఎలాస్టిక్ ఒక వరస ఉన్నదానికంటే రెండు వరసలున్నది మేలు, పల్చటి దొడ్డి బయటికి రాకుండా రెండో వరస ఆపుతుంది. ఆన్‌లైన్లో తెప్పించుకుంటే ఈ పరీక్షలన్నీ ఉతక్కముందే చేయండి. ఒకసారి తడిపినవాటిని మామూలుగా వెనక్కి తీసుకోరు.

ఇక ఇన్సర్టు సంగతి. చవక ప్యాకుల్లో వచ్చేవి ఎక్కువగా మైక్రోఫైబరు, అంటే బాగా సన్నటి పాలిస్టరు పోగుల గుడ్డ. అది ఉచ్చను తొందరగానే పీల్చుకుంటుంది. కానీ నొక్కితే వదిలేస్తుంది. బిడ్డను చంకనెత్తుకున్నా, ఒళ్లో కూర్చోబెట్టుకున్నా తొడ పక్క నుంచి ఊటలా వచ్చేది అందుకే. పైగా మైక్రోఫైబరు ఒంటికి నేరుగా తగలకూడదు, చర్మంలోని తడిని లాగేసి ఎండిపోయేలా చేస్తుంది. ఎప్పుడూ జేబులోపలే ఉండాలి. నూలు, వెదురు ఇన్సర్టులు నొక్కినా పట్టి ఉంచుతాయి. అయితే కొత్తవి నాలుగైదు ఉతుకులు పడ్డాకే పూర్తిగా పీలుస్తాయి. మొదటిరోజే వేసి కారిందని తిట్టుకునే వాళ్లు చాలామంది. వీటికున్న అసలు చిక్కు మందం. నాలుగైదు పొరలు కలిపి కుట్టేసి ఉంటాయి కాబట్టి మధ్య పొరల్లోని ఉచ్చ, సబ్బు గట్టి నీళ్లతో సరిగా పోవు. కార్తీక మాసం ముసురులో రెండు రోజులైనా నడుమ తేమగానే ఉంటాయి.

చీర ముక్కకు ఈ రెండు ఇబ్బందులూ లేవు. ఉతికేటప్పుడు విప్పితే ఒక్క పొర. జాడిస్తే పూర్తిగా జాడింపు అవుతుంది, ఫ్యాను కింద రెండు మూడు గంటల్లో ఆరిపోతుంది. మన అమ్మమ్మలు వెంకటగిరి నూలు చీరలు పాతబడితే పారేయకుండా పురిటికని దాచిపెట్టేది ఈ మెత్తదనానికే. నూలు పంచె, పాత లుంగీ కూడా సరే. పాలిస్టరు కలిసిన చీర పనికిరాదు. నీటిచుక్క వేసి చూడండి, వెంటనే ఇంకితే నూలు, ముత్యంలా పైన నిలిస్తే వద్దు.

కత్తిరించేటప్పుడు జరీ అంచు, పైట కొంగు ముందే తీసేయండి. జరీ గీరుకుంటుంది. మిగిలినదాన్ని యాభై సెంటీమీటర్ల చదరాలుగా చేస్తే ఒక చీరకు ఇరవై దాకా వస్తాయి. రెండు చీరలకు నలభై. అంచులు కుట్టించాల్సిన పనిలేదు. కుడితే ఒకే మడత కుట్టు వేయించండి, మందపాటి కుట్టు తొడకు ఒరుసుకుంటుంది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఆ చీరలు బీరువాలో కలరా ఉండల మధ్య ఉండి ఉంటే, అలాగే తీసి బిడ్డకు వాడొద్దు. నాఫ్తలిన్ ఆవిరి గుడ్డకు పట్టి ఉంటుంది. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన బిడ్డల్లో అది ఎర్ర రక్తకణాలను పగలగొట్టి కామెర్లు బాగా పెంచుతుంది. ఆ లోపం ఉందని చాలా ఇళ్లలో ముందుగా తెలియదు. రెండు మూడు సార్లు ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో వేసి, ఆ తర్వాతే కత్తిరించండి. బిడ్డ బట్టలున్న అరలో ఆ ఉండలు అసలు వేయొద్దు.

మడత ఇలా. యాభై సెంటీమీటర్ల ముక్కలు రెండు ఒకదానిమీద ఒకటి పరిచి, పొడవునా నాలుగు మడతలు వేస్తే పన్నెండున్నర సెంటీమీటర్ల వెడల్పు పట్టీ వస్తుంది. ఎనిమిది పొరలు. దాని చివర పదిహేను సెంటీమీటర్లు వెనక్కి మడిస్తే ముప్పై అయిదు సెంటీమీటర్ల పొడవు మిగులుతుంది, జేబుకు సరిగ్గా సరిపోతుంది. ఆ రెట్టింపు మడత మగబిడ్డకు ముందువైపు రావాలి. ఆడబిడ్డకైతే పట్టీని నడుమ దగ్గర మడత పడేలా సర్దాలి, తడి మధ్యలోకి దిగుతుంది కాబట్టి. బాగా పల్చటి చీరైతే మూడో ముక్క కలపండి. సరిపోతుందో లేదో బిడ్డకు వేయకముందే తెలుసుకోవచ్చు. మడిచిన పట్టీ కవరులో పెట్టి, ఒక టీ గ్లాసు నీళ్లు నెమ్మదిగా పోసి, నిమిషం ఆగి అరచేత్తో నొక్కండి. తొడల దగ్గర నుంచి నీళ్లొస్తే ఇంకో ముక్క కావాలి.

వేయడంలో జరిగే పొరపాటు ఎక్కువగా తొడ దగ్గరే. ఎలాస్టిక్ తొడ మీద కాదు, తొడ, పొత్తికడుపు కలిసే గీతలో కూర్చోవాలి. నడుము దగ్గర రెండు వేళ్లు దూరాలి, తొడ దగ్గర సందు కనపడకూడదు. ముందువైపు నిలువుగా ఉండే మూడు వరసల బటన్లు బిడ్డ ఎదుగుదలకు తగ్గట్టు పొడవు మార్చడానికి. అయిదారు కిలోల దాకా కింది వరస, ఆ తర్వాత నడిమిది.

కారిందని ఫిర్యాదు చేసే చాలా ఇళ్లలో తప్పు మొలతాడుది. నల్లతాడు ఎలాస్టిక్ కిందికి పోయి లోపలి గుడ్డను తాకితే, ఉచ్చను పీల్చుకుని తాడు వెంబడే బయటికి తెచ్చి చొక్కా తడిపేస్తుంది. ఎంత ఖరీదు డైపరైనా ఇంతే. మొలతాడు తీయమని ఎవరికీ చెప్పం. డైపరు పెట్టాక తాడును నడుము అంచుకు పైన, పూర్తిగా బయటికి లాగి ఉంచండి. చొక్కా అంచు లోపలికి దోపినా ఇదే జరుగుతుంది.

ఫ్రీ సైజు అని రాసినా, మూడు కిలోలు లేని బిడ్డకు ఈ డైపర్లు నిలవవు. తొడలు సన్నగా ఉండి పక్కన సందు మిగిలిపోతుంది. పైగా బొడ్డు ఊడేదాకా, అంటే మామూలుగా వారం నుంచి రెండు వారాల దాకా, దాని మీద తడి కవరు ఒరుసుకోకూడదు. మొదటి నెల ఒట్టి మొలగుడ్డలే మేలు. దానికి ఇంకో కారణమూ ఉంది. పుట్టిన అయిదారు రోజుల తర్వాత రోజుకు ఆరు సార్లకు తగ్గకుండా గుడ్డ తడిస్తే బిడ్డకు పాలు సరిపోతున్నాయని అర్థం. మొలగుడ్డైతే లెక్క కళ్లకు కనిపిస్తుంది. పారేసే డైపరులో రెండు మూడు సార్లది కలిసిపోయి ఆ లెక్క తెలియదు. పాలు పడుతున్నాయో లేదో అని దిగులుపడే కొత్త తల్లికి ఈ లెక్క పెద్ద ధైర్యం.

అయితే ఆ మొలగుడ్డలు ఎవరు ఉతకాలి? ఆపరేషన్ కాన్పయిన బాలింత గొంతుకూచుని ఉతకడం, తడి బక్కెట్లు మోయడం వద్దు. పుట్టింట్లో చేసేవాళ్లుంటే సరే. ఎవరూ లేకపోతే, వాషింగ్ మెషీనూ లేకపోతే, మొదటి ఆరు వారాలు పారేసే డైపర్లు కొని వాడుకోండి. గుడ్డలే వాడాలని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడితే ఆ ఉతుకు బాధ్యతా వాళ్లే తీసుకోవాలి. కుట్లు మానని మనిషి మీద వేయకూడదు.

ఇక అసలు విషయం, ఉతుకు. గట్టి నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి బూడిదరంగు తెట్టె అవుతుంది. అది నీళ్లలో కరగదు, దారాలకు పట్టుకుంటుంది. నాలుగు వారాలకు గుడ్డ అప్పడంలా బిరుసెక్కి, ఉచ్చ పీల్చుకోవడం మానేస్తుంది. మన మెట్ట ప్రాంతపు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడు గుర్తొస్తుంది గానీ, గుడ్డలకు ఫ్లోరైడుతో పేచీ లేదు. గుడ్డలను చెడగొట్టేది గట్టిదనమే. తాగే నీళ్లకు మన దేశపు ఐఎస్ 10500 ప్రమాణం పెట్టిన హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాముల గట్టిదనం, వేరే నీళ్లు లేకపోతే 600 దాకా. బోరు నీళ్లు పరీక్ష చేయించిన కాగితం మీ దగ్గరుంటే ఆ అంకె చూడండి. 200 దాటితే కింద చెప్పే పద్ధతి మీకే. కాగితం లేకపోతే బక్కెట్ అంచున తెల్లగా పేరుకుందా, వేడినీళ్ల కడ్డీకి సున్నంలా పట్టిందా చూస్తే చాలు.

బట్టల సబ్బు బిళ్ల మానేయండి. బ్రష్షుతో రుద్దడం కంటే కూడా ముందు మానాల్సింది అదే, తెట్టె పుట్టేది దానివల్లే. డిటర్జెంట్ పొడి వాడండి, కొలిచి వేయండి. ముందుగా పదిహేను లీటర్ల బక్కెట్ నీళ్లలో ఒక చెంచా, అంటే గీసిన ఒక టేబుల్ స్పూను, చాకలి సోడా కలిపి పది నిమిషాలు ఉంచండి. నీళ్లు కొంచెం మబ్బుగా మారి, గట్టిదనం చాలావరకు అడుగుకు దిగుతుంది. ఆ తర్వాతే డిటర్జెంట్. వంటలో వేసే తినే సోడా ఇందుకు పనిచేయదు, రెండూ వేరు. చాకలి సోడా చేతులను కోసేస్తుంది కాబట్టి గ్లవ్స్ వేసుకోండి, డబ్బా పిల్లలకు అందని చోట పెట్టండి.

డైపరు విప్పగానే లోపలి గుడ్డ బయటికి లాగేయాలి. ఉచ్చ మాత్రమే అయితే చన్నీళ్లలో రెండుసార్లు జాడించి చిల్లుల బుట్టలో వేయండి. మూత పెట్టిన బక్కెట్లో తడిగా కుక్కి పెట్టొద్దు. ఉచ్చలోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. మన వేడికి మూత కూడా తోడైతే తెల్లారేసరికి ముక్కు పగిలే ఘాటు వస్తుంది. పాలు మాత్రమే తాగే బిడ్డ దొడ్డి నీళ్లకు సులువుగా పోతుంది. అన్నప్రాశన అయ్యాక గట్టిపడుతుంది కాబట్టి ముందు లెట్రిన్‌లో దులిపేయాలి. ఉతుకు రోజూ పెట్టుకోండి. ఎండాకాలంలో రెండో రోజుకు ఆపితే వాసన గుడ్డలో స్థిరపడిపోతుంది. ఒట్టి నీళ్లలో ఒకసారి, డిటర్జెంట్‌తో ఒకసారి, నురగ ఏమాత్రం కనపడనంతదాకా మంచినీళ్లలో రెండు మూడు సార్లు. మెషీనైతే డైపర్లతో పాటు పెద్దవాళ్ల బట్టలు కుక్కకుండా సగం వరకే నింపండి, అవి ఒకదానికొకటి రాసుకుంటేనే శుభ్రమవుతాయి.

నీళ్లు రెండు రకాలుగా వచ్చే ఇళ్లలో మొదటి జాడింపులకు బోరు నీళ్లు, ఆఖరి రెండింటికి కుళాయి నీళ్లు వాడండి. ఒంగోల్లో సాగర్ నీళ్లు పట్టి ఉంచుకునే ఇళ్లకు ఇది సులువే. వానాకాలంలో డాబా మీద నుంచి పట్టిన వాననీళ్లు ఇంకా మంచివి, వాటిలో గట్టిదనం ఉండదు. ఆర్వో మిషను పక్క గొట్టంలోంచి వదిలే నీళ్లను బట్టలకు పట్టుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. పొదుపు సంగతి ఒప్పుకుంటాం కానీ డైపర్లకు అవి వద్దేవద్దు. వడగట్టిన ఉప్పంతా చిక్కబడి ఉండేది ఆ నీళ్లలోనే. నేల తుడవడానికి వాడుకోండి.

మెత్తదనం కోసం వేసే కండిషనరు, వాసన ద్రావణాలు గుడ్డకు పూత పూసి పీల్చుకోనివ్వవు. డెట్టాల్ లాంటివి ఆఖరి జాడింపులో పోయాల్సిన పని లేదు, వాటి మిగులు మెత్తటి చర్మానికి మంట పుట్టిస్తుంది. బ్లీచింగ్ పొడి ఎలాస్టిక్‌ను తినేస్తుంది. పసుపు మరక ఉండిపోతే గుడ్డను తడిగా ఎండలో వేయండి, చాలావరకు ఎండే తీసేస్తుంది.

అన్నీ చేసినా ఒకరోజు ఘాటు వాసన, కారడం మొదలైతే గుడ్డల్లో తెట్టె పేరుకున్నట్టు. చీర ముక్కల గొప్పతనం ఇక్కడే. స్టీలు గిన్నెలో నీళ్లు, రెండు చెంచాల చాకలి సోడా వేసి పది నిమిషాలు ఉడకబెట్టి, వాసన పోయేదాకా మంచినీళ్లలో జాడిస్తే మళ్లీ కొత్తగా పీలుస్తాయి. అల్యూమినియం గిన్నె వాడొద్దు, సోడా దాన్ని తినేసి గుడ్డల్ని నల్లగా చేస్తుంది. వంటకు వాడని గిన్నె ఒకటి కేటాయించండి. పైకవర్లను, మైక్రోఫైబరును మాత్రం ఉడకబెట్టకూడదు. బాగా వేడి తగిలితే పీయూఎల్ పొర గుడ్డను వదిలేసి బుడగలు కట్టొచ్చు. ఒకసారి ఊడిన పొర మళ్లీ అతకదు.

కవరు లోపలి ఫ్లీస్ మీద నీళ్లు జారిపోతున్నాయంటే కారణం నూనె. బిడ్డకు కొబ్బరినూనె, ఆముదం రాసి కాళ్లు చేతులు తోమి, స్నానానికి ముందు ఆ నూనె ఒంటితోనే డైపరు వేస్తే ఫ్లీస్ నూనె తాగేస్తుంది. ఇక ఉచ్చ కిందికి దిగదు, తొడల పక్క నుంచి జారుతుంది. జింకు ఉన్న క్రీములదీ ఇదే తంతు. నూనె రాసిన వేళ ఒట్టి మొలగుడ్డ వేయండి, సున్నిపిండితో నలుగు పెట్టి స్నానం అయ్యాకే కవరు. నూనె పట్టిన ఫ్లీస్‌ను పాత్రలు తోమే ద్రావణం రెండు చుక్కలతో వేళ్లతో నెమ్మదిగా రుద్ది, నురగ పోయేదాకా జాడిస్తే చాలు.

ఆరవేయడంలో కవరుకు, గుడ్డకు వేరు వేరు లెక్క. గుడ్డలు ఎర్రటి ఎండలో. కవర్లు నీడలో, గాలి తగిలేచోట. రోహిణి కార్తె ఎండలో దండెం మీద కవర్లు రోజూ వేస్తే ఎలాస్టిక్ సాగి, పొర బిరుసెక్కుతుంది. నీళ్లతో బరువుగా ఉన్న కవరును ఎలాస్టిక్ పట్టుకుని వేలాడదీయకండి, అడ్డంగా మడిచి వేయండి.

మనకు అసలు పరీక్ష అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు మన తీరానికి వచ్చే నెలలవి. మూడు రోజులు ముసురు పట్టి కరెంటు కూడా పోతే కుట్టిన ఇన్సర్టులున్న ఇల్లు చేతులెత్తేస్తుంది. విడిగా పరిచే చీర ముక్కలు లోపలి దండెం మీద, ఒకదానికొకటి తగలకుండా జానెడు ఎడంతో వేస్తే ఆరతాయి. ఇంకా తేమ ఉంటే కరెంటు వచ్చాక ఇస్త్రీ పెట్టండి. కవర్లకు మాత్రం ఇస్త్రీ పెట్టె తగలకూడదు. సాంబ్రాణి బుట్ట మీద గుడ్డలు ఆరబెట్టే అలవాటు మానుకోవాలి. ఆ పొగ గుడ్డకు పట్టి, గదిలో నిండి, చంటిబిడ్డ ఊపిరికి అడ్డం పడుతుంది. ఆ మూడు నెలలూ ఇరవై పారేసే డైపర్ల ప్యాకెట్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి, తడి గుడ్డ వేయడం కంటే అది ఎంతో నయం.

ఎండాకాలంలో చిక్కు వేరు. పీయూఎల్‌కు నూలు గుడ్డంత గాలి ఆడదు. మే నెలలో పగలంతా కవరు వేసి ఉంచితే నడుము చుట్టూ చెమటకాయలు వస్తాయి. మధ్యాహ్నం పూట రబ్బరు షీటు మీద నూలు గుడ్డ పరిచి బిడ్డను గంటో రెండు గంటలో కవరు లేకుండా వదిలేయండి. పౌడరు చల్లొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పగలు రెండు మూడు గంటలకు ఒకసారి మార్చాలి, దొడ్డికి పోతే అప్పుడే మార్చాలి. ఒరిపిడి ఎరుపు గాలి తగిలితే రెండు రోజుల్లో తగ్గుతుంది. గజ్జల మడతల్లోపల కూడా ఎర్రగా ఉండి, చుట్టూ చిన్న చిన్న ఎర్ర చుక్కలు విడివిడిగా కనిపిస్తే అది ఫంగసు. దానికి డాక్టరు రాసే మందు కావాలి. ఇంట్లో ఉన్న ఏదో ట్యూబు, ముఖ్యంగా స్టెరాయిడ్ కలిసినది, రాయొద్దు.

రాత్రికి మా సలహా పారేసే డైపరే. ఆరు నెలలు దాటిన బిడ్డ పది గంటలు పడుకుంటే గుడ్డ ఆగదు, ఆపడానికి పొరలు పెంచితే తొడలు దగ్గరికి రావు, నిద్ర చెడుతుంది. తల్లి నిద్ర కూడా లెక్కే. ఒంగోలు నుంచి నెల్లూరు బస్సు ప్రయాణానికీ అదే. వాడినదాన్ని కాలువలోకి, చెరువు గట్టు మీదికి విసరకుండా కాగితంలో చుట్టి చెత్తబండికి వేరుగా ఇవ్వండి.

ఖర్చు చూస్తే, పగలూ రాత్రీ పారేసేవే వాడితే రోజుకు ఆరు, ఒక్కోటి పది రూపాయలనుకున్నా నెలకు 1800. గుడ్డలు పగలు వాడి, రాత్రికి, ప్రయాణాలకు కలిపి రోజుకు సగటున రెండు పారేసేవి వాడితే నెలకు 600. ఎనిమిది కవర్లు 250 చొప్పున 2000 అయితే, రెండు నెలలు నిండకముందే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. ఎనిమిది చాలు. పగలు అయిదారు వాడతారు, ఉతికినవి తెల్లారేసరికి ఆరతాయి. ఇరవైనాలుగు కవర్ల ప్యాకు కొనమని చెప్పే దుకాణం మాట వినొద్దు. ముందు రెండు కొని, మీ నీళ్లతో నాలుగు వారాలు ఉతికి చూసి, గుడ్డ మెత్తగానే ఉందంటే మిగతా ఆరు తెచ్చుకోండి.

అక్క బిడ్డ వాడిన కవర్లు ఇస్తే తీసుకోవచ్చు. లోపలి పొరను వెలుతురుకు ఎత్తి చూడండి, బుడగలు, పగుళ్లు లేకపోతే కవరు బాగున్నట్టే. ఎలాస్టిక్ సాగిపోయి ఉంటే పారేయొద్దు. తొడ దగ్గర అంచు కుట్టు రెండు చివర్లలో విప్పి, పాతది లాగి, పావు అంగుళం వెడల్పు కొత్త ఎలాస్టిక్ దూర్చి కుట్టమంటే వీధి చివర టైలరు చేసిపెడతాడు. సూది పీయూఎల్ పొర నడుమ గుచ్చకుండా పాత కుట్టు వెంబడే నడవాలని మాత్రం ముందే చెప్పండి, కొత్త రంధ్రం పడ్డ చోటల్లా కారుతుంది.